మన గుల్బర్గా బాట

ఫిలింనగర్ కొండ దిగి షేక్‌పేటకు వస్తే ఒక పాత సరాయి కనబడుతుంది. కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండకు వచ్చే ముసాఫిర్లు దిగడానికి గదులు, వారి గుర్రాలకు, ఒంటెలకు చోటు, నమాజుకు మసీదు అన్నీ అక్కడ ఏర్పాటు చేశారు. స్టూడియోలు, బంగళాలు రాకముందు మన ఇలాకా బాటసారులది.

మన వైపు నుండి పడమరకు పోయే పెద్ద బాట బీజాపూర్ రోడ్డు. షేక్‌పేట నుండి టోలీచౌకి, లంగర్‌హౌజ్ చేరి, మూసీ దాటి, పోలీస్ అకాడమీ, మొయినాబాద్, చేవెళ్ల, మన్నెగూడ, పరిగి, కొడంగల్ మీదుగా కర్ణాటకలో ప్రవేశిస్తాము. ఆపైన సేడం, మల్ఖేడ్, గుల్బర్గా, చివరకు బీజాపూర్. 1422లో పరమపదించిన హజ్రత్ ఖ్వాజా బందేనవాజ్ గారి ఉర్సుకు గుల్బర్గా వెళ్లే కుటుంబాలకు ఈ ఊళ్ల పేర్లు నోటికి వచ్చినవే.

ఈ దారికి రెండు చివరలా రెండు సుల్తానతులు ఉండేవి. గోల్కొండ ఆడపడుచు ఖదీజా సుల్తానా బీజాపూర్ మహమ్మద్ ఆదిల్‌షాకు బేగం అయింది. 1686లో బీజాపూర్, 1687లో గోల్కొండ ఔరంగజేబు వశమైనవి. నిజాముల నాడు హైదరాబాదు, గుల్బర్గా ఒకే రాజ్యంలోవి. కొడంగల్ అప్పుడు గుల్బర్గా జిల్లాలోని తాలూకాయే. 1956 నవంబరు 1న గుల్బర్గా మైసూరు రాష్ట్రానికి, కొడంగల్ ఆంధ్రప్రదేశ్‌కు పోయినవి. మధ్యన సరిహద్దు పడ్డది గాని చుట్టరికాలు తెగలేదు.

చాలాకాలం రాష్ట్ర రహదారిగా ఉన్న మన వైపు భాగం ఇప్పుడు 163వ జాతీయ రహదారి. పోలీస్ అకాడమీ నుండి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్లలో నిజాం కాలపు మర్రిచెట్లు 900 పైచిలుకు ఉన్నవి. రోడ్డు వెడల్పు చేస్తే ఇవి పోతాయని ప్రకృతి ప్రేమికులు హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లారు. ఎక్కువ చెట్లు నిలిచేలా ప్లాను మార్చాక, 2025 అక్టోబరు చివరలో పనులకు అడ్డు తొలగింది. కొద్ది రోజులకే, నవంబరు 3న, చేవెళ్ల దగ్గర మీర్జాగూడలో కంకర లారీ ఆర్టీసీ బస్సును ఢీకొని 19 మంది ప్రాణాలు పోయినవి. వారిలో చదువుకునే ఆడపిల్లలూ ఉన్నారు.

చెట్లు అడ్డమని కొందరు, చెట్లే ముఖ్యమని కొందరు వాదించుకున్నారు. కాని సరాయి కట్టించినవారు, మర్రి నాటించినవారు ఆలోచించింది ఒక్కటే: దారిన పోయేవాడు క్షేమంగా ఇల్లు చేరాలి. చెట్టునూ నిలిపి, మనిషినీ బ్రతికించే రోడ్డు కావాలని అడగడం మన హక్కు. వచ్చే ఉర్సుకు వెళ్లేటప్పుడు డ్రైవరును తొందరపెట్టకపోవడం మన బాధ్యత. ఒక మర్రి నీడన ఆగి, పోయినవారి కోసం దుఆ చేద్దాం.