కొండెక్కిన కాటా

సంస్థకు డెబ్బై ఏళ్లు నిండుతున్నాయి, సంచికకు నాలుగు ముక్కలు రాయమని కమిటీవారు రెండుసార్లు మనిషిని పంపారు. డిపోలో సేల్స్‌మన్‌గా జీవితమంతా బిల్లులు రాసినవాణ్ణి. తప్పులుంటే మన్నించాలి.

గిరిజన సహకార సంస్థ 1956లో విశాఖపట్నం కేంద్రంగా ఏర్పడింది. అంతకుముందు మా పాడేరు కొండల్లో సంత అంటే షావుకారు చెప్పిందే ధర. మన చింతపండు దిగేది, ఆయన ఉప్పు ఎక్కేది. రెండింటికీ కుంచం ఆయనదే. పుచ్చుకునేటప్పుడు రాశిగా పోయించుకుని, ఇచ్చేటప్పుడు చేత్తో తుడిచి కొలిచేవాడని మా అయ్య చెప్పేవాడు.

నేను చూసిన మొదటి మేనేజరుగారి పేరు రాయను, బతికుంటే ఆయన ఒప్పుకోరు. కొండచీపుళ్ల కట్ట తూచే ముందు ఖాళీ కాటా చూపించేవారు. "ముల్లు ఎక్కడుందో నువ్వే చూడు మావా" అనేవారు. అయ్యకి అక్షరం రాదు. వంగి చూసి, ముల్లు నడిమికొచ్చిందని వేలు పెట్టి చూపిస్తే గానీ కట్ట కాటా ఎక్కేది కాదు. నేను పదో తరగతి గట్టెక్కాక డిపోలో పనికి పెట్టిందీ ఆయనే.

డిపో అంటే బియ్యం, కిరోసిన్, సబ్బులు అనుకుంటారు. మా ఊళ్లకది దారి అడిగే చోటు. పంట అప్పు సంస్థే ఇచ్చేది. కాఫీ మొక్కలకి ఐటీడీఏ (సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ), సాగు మెలకువలకి కాఫీ బోర్డు, అడవి హద్దుకి ఫారెస్టువారు, పట్టాకి రెవెన్యూవారు. ఏ గడపకి ఏ కాగితం పట్టుకెళ్లాలో కొండమీది మనిషికి ఎవరు చెప్తారు? పాత బిల్లు కాగితాల వెనక నేను రాసిపెట్టిన దరఖాస్తులకి లెక్కలేదు. పోడు కొట్టిన వాలుల్లో ఒక్క వానకే మట్టి గెడ్డలో కలిసేది. అక్కడ సిల్వర్ ఓక్ నీడన కాఫీ వేసి, మానుకి మిరియం పాదు పాకించాక ఆకు రాలి నేలని కప్పింది, మట్టి నిలిచింది.

1979 నిబంధనతో అడవి సరుకు కొనుగోలుకి చట్టం అండ వచ్చింది. ఆ తర్వాత చాలా ఏళ్లు లారీలు ఎక్కాయి, దిగాయి, మేనేజర్లు మారారు.

2014 అక్టోబరు 12, ఆదివారం, హుద్‌హుద్ తుపాను. కాఫీ పళ్లు రంగు తిరిగే రోజులు. తెల్లారి చూస్తే ఓక్ చెట్లు ఒకదానిమీదొకటి పడున్నాయి, కాఫీ అంతా వాటి కింద. దారి లేదు, కరెంటు లేదు. నేనూ మా హమాలీ గొడ్డళ్లు పట్టుకుని తోవ చేసుకుంటూ బియ్యం మోశాం, కొవ్వొత్తి వెలుగులో వేలిముద్రలు వేయించాం.

నష్టం రాసుకోవడానికి వచ్చినవారు రోడ్డువార తోటలు రాసుకున్నారు. అయ్య రెండెకరాలు పైన, మెట్ట కొసన. 2006 అటవీ హక్కుల చట్టం కింద హక్కు పత్రానికి అర్జీ పెట్టి ఎదురుచూస్తున్న భూమి. జాబితాలో పేరు రాలేదు. ఏ ఆఫీసువారో పండగపూట రాయడం బాగోదు. ఊరందరికీ దరఖాస్తులు రాసిన ఈ చేత్తో అయ్యకి మూడుసార్లు రాశాను. మూడోసారి ఉత్తచేతులతో తిరిగొస్తే అయ్య ఒకటే అడిగాడు: "ఖాళీ కాటా చూపించారేటిరా?"

2019లో అరకు అరబికాకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. మన కాఫీ పొడి ప్యాకెట్టు నా డిపోలో నేనే అమ్మాను. అందరం గర్వపడ్డాం.

ఇక రుణం తీర్చుకోవాలి. తూకందార్లు, హమాలీలు, ఘాట్ రోడ్డు లారీ డ్రైవర్లు, గొడౌను కాపలాదార్లు, సంత రోజున వానకి అరుగు ఇచ్చినవారు, తేనె తీసినవారు, తపసి జిగురు గీసినవారు, ఈ పండక్కి చందాలిచ్చినవారు, అందరికీ దండాలు. పేర్లు రాయబోతే సంచిక చాలదు, ఎవరిని వదిలినా నిష్ఠూరమే.

తుపానుకి కూలిన చెట్ల మోళ్ల మధ్యే అయ్య మళ్లీ ఓక్ మొక్కలు నాటాడు. ఇప్పుడవి మంచి నీడనిస్తున్నాయి, చూడ్డానికి అయ్య లేడు. డిపోలో ఆ పాత కాటా ఇంకా ఉంది, ఇప్పుడంతా ఎలక్ట్రానిక్. పండగనాడు దాన్ని తుడిచి వేదిక పక్కన పెడతామన్నారు. పెట్టండి. పూలదండ మాత్రం వేయొద్దు, ముల్లు ఒకవైపు ఒరిగిపోతుంది.