కారులో విజయవాడకు: బండి ఎక్కడ ఆపాలి, సామాను ఎక్కడ పెట్టాలి

సాంచాలు ఆగే రోజులు చూసుకుని పద్మనగర్, కామత్‌ఘర్ నుంచి మనవాళ్లు చాలామంది కారులోనే ఊరికి పోతున్నారు. పెళ్లి అయ్యాక, ఇంత దూరం వచ్చాం కదా అని దుర్గమ్మ దర్శనానికి విజయవాడ కూడా వెళ్తారు. అప్పటికి డిక్కీ నిండా పట్టుచీరల పెట్టెలు, ఒడిబియ్యం మూట, పచ్చడి జాడీలు, వాటి మధ్యలో ఎక్కడో నగల సంచి. ఎంహెచ్ 04 నంబరు చూస్తే చాలు, ఇది సామానుతో వచ్చిన బండి అని ఎవరికైనా తెలుస్తుంది.

మనం వెళ్లేది 65వ నంబరు జాతీయ రహదారి. పుణె నుంచి షోలాపూర్, హైదరాబాద్, సూర్యాపేట మీదుగా మచిలీపట్నం పోయే దారి ఇదే. నందిగామ, ఇబ్రహీంపట్నం, గొల్లపూడి దాటితే భవానీపురం వస్తుంది. ఆగాల్సింది అక్కడే. ముందుకు పోతే, 2020లో తెరిచిన కనకదుర్గ ఫ్లైఓవర్ కుమ్మరిపాలెం దగ్గర ఎక్కించి, గుడి పక్కనుంచే దాటించి రాజీవ్‌గాంధీ పార్కు వైపు దించుతుంది. ఆ తర్వాత వెనక్కి రావడం పెద్ద పని. ప్రకాశం బ్యారేజీ దగ్గర మళ్లిన కృష్ణ నీరు ఊళ్లో బందరు, ఏలూరు, రైవస్ కాలువలుగా చీలుతుంది. వంతెనల దగ్గర రద్దీ, వన్‌టౌన్‌లో ఇరుకు సందులు. ఇటలీలోని వెనిస్‌లో కార్లు ఊరి అంచున పియాజ్జాలే రోమా దాటి రానే రావు. ఇక్కడ ఆపేవాళ్లు లేరు, మనమే ఆగాలి.

దసరాకు హైదరాబాద్ వైపు నుంచి వచ్చే కార్లకు పున్నమి ఘాట్, భవానీ ఘాట్ ప్రాంతాల్లో పార్కింగ్ చూపిస్తారు. ఆ రోజుల్లో సొంత బండ్లను ఘాట్ రోడ్డు ఎక్కనివ్వరు. మూలా నక్షత్రం రోజున, డిసెంబరులో భవానీ దీక్షల విరమణప్పుడు చంటిపిల్లలతో, ముసలివాళ్లతో వెళ్లకపోవడమే మేలు.

సామాను సంగతి వేరు. రైల్వేస్టేషన్‌లో క్లోక్‌రూం ఉందిగా అంటారు చాలామంది. ఉంది, కానీ అది రైలు ప్రయాణికులకు. టికెట్ చూపించాలి, పెట్టెకు తాళం ఉండాలి. కారులో వచ్చినవాళ్ల దగ్గర టికెట్ ఎక్కడిది? మూటలకు తాళం ఎలా వేస్తాం? పండిట్ నెహ్రూ బస్టాండులోనూ క్లోక్‌రూం ఉంది, రైలు టికెట్ అడగరు. అయితే అది కొండకు అవతలి వైపు, కాలువల దగ్గర. ఒక సంచి పెట్టడానికి కారుతో అంత దూరం పోవడం దండగ.

మా సలహా ఒకటే. గొల్లపూడి, భవానీపురం వైపు కారు నిలిపే చోటున్న లాడ్జిలో ఒక గది తీసుకోండి. సామానంతా అక్కడ దించి, స్నానాలు చేసి, ఆటోలో గుడికి వెళ్లండి. నలుగురైదుగురు వెళ్తే గది ఖర్చు భారమేమీ కాదు. నగలు మాత్రం క్లోక్‌రూంలోనూ వద్దు, డిక్కీలోనూ వద్దు. నమ్మకమైన పెద్దమనిషి ఒకరు గదిలో ఉండి, మిగతావాళ్లు వచ్చాక దర్శనానికి వెళ్తే సరి.

గుడిలోకి ఫోన్లు తీసుకెళ్లనివ్వరు. కౌంటర్లో ఇచ్చి రసీదు దాచుకోండి. లేదంటే గదిలోనే వదిలేయండి. ఫోన్లు లేకపోతే గుంపులో విడిపోయినవాళ్లను వెతకడం కష్టం కాబట్టి ఎక్కడ కలవాలో దిగేముందే అనుకోండి. కెనాల్ రోడ్డులోని వినాయకుడి గుడి అక్కడ ఎవర్ని అడిగినా చెబుతారు.