పటం మీది ఊరు, నేల మీది ఊరు



కదిరి నుండి మదనపల్లె వెళ్లే జాతీయ రహదారి మీద తనకల్లు ఉంది. మండల కేంద్రమే అయినా ఇప్పటికీ చిన్న ఊరు. మన కరవు సీమలో ఇటువంటి ఊళ్లు బాట వెంబడే పెరుగుతాయి. నిన్న వేరుశనగ పండిన చేను నేడు ఇళ్ల స్థలాలవుతుంది. ఊరి ఎదుగుదలకు ఒక ప్రణాళిక ఉండాలన్న మాటను ఎవరూ కాదనరు. ఆ ప్రణాళిక కాగితం మీది నుండి నేల మీదికి ఎలా దిగుతుంది, దిగాక ఎలా నిలుస్తుంది అన్నదే అసలు ప్రశ్న.

వైద్యునికి దీనితో పనేమిటని మీరు అడగవచ్చు. నీరు నిలిచిన చోట దోమలు పెరుగుతాయి. తాగునీటిలో మురుగు కలిసిన చోట విరేచనాలు, టైఫాయిడ్ వస్తాయి. చెరువులెండి బోర్లు లోతుకు పోయిన చోట నీటిలో ఫ్లోరైడ్ బాధ మొదలవుతుంది. మేము మందులిచ్చే జబ్బులలో చాలావాటికి మూలం ఊరి అమరికలోనే ఉన్నది.

ఏటా సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే ఈ సీమలో పూర్వులు ముందుగా నీటికి చోటు చూపి, ఆ తరువాతే ఊరు కట్టారు. 1364లో బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడయరు పండమేరుకు అడ్డుకట్ట వేసి పెద్ద చెరువు కట్టించాడు. కట్టకు ఒక కొసన బుక్కరాయసముద్రం, మరొక కొసన అనంతసాగరం వెలిశాయి. ఆ అనంతసాగరమే నేటి అనంతపురం.

1369 నాటి పోరుమామిళ్ల శాసనం మరింత విపులమైనది. పోరుమామిళ్ల కడప జిల్లాలోనిది. 1910 వరకు కదిరి తాలూకా కూడా ఆ జిల్లాలోనే ఉండేది. బుక్కరాయల కుమారుడు భాస్కరుడు వేయించిన ఆ శాసనం మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలను, రాకూడని ఆరు దోషాలను వివరిస్తుంది. కట్ట నుండి నీరు ఊరడం, చవిటి నేల, నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం ఆ దోషాలలో కొన్ని. ఆ చెరువు పనికి రోజూ వేయిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేళ్ల కాలం పట్టిందని కూడా అందులో ఉన్నది.

అయితే కట్టడంతోనే పని ముగియలేదు. రాయలసీమలో దశబంధ ఇనాం అనే ఏర్పాటు ఉండేది. చెరువు తవ్వించినవారికి, మరమ్మతు చేసేవారికి భూమి మీద పన్ను మినహాయింపు దక్కేది. ప్రతిగా కట్టనూ తూమునూ కాపాడే పూచీ వారిది. నీటిని పంచడానికి నీరుగంటి ఉండేవాడు. ప్రతి పనికీ ఒక మనిషి, ఆ మనిషికొక రాబడి. 1956 చట్టంతో ఇనాములు రద్దయ్యాయి. ఆ వ్యవస్థలోని అసమానతలు పోవలసినవే. కానీ ఆ పూచీని ఎవరికో ఒకరికి అప్పగించవలసిన పని మాత్రం మిగిలే ఉన్నది.

1914-15లో స్కాట్లండుకు చెందిన జీవశాస్త్రవేత్త పాట్రిక్ గెడ్డెస్ మద్రాసు రాజధానిలోని పట్టణాలను పరిశీలించాడు. అనంతపురం జిల్లా 1882లో ఏ జిల్లా నుండి విడిపోయిందో ఆ బళ్లారి పట్టణం కూడా వాటిలో ఉన్నది. ముందు రోగనిర్ధారణ వంటి సర్వే, తరువాత అవసరమైనంత మేరకే కత్తి పెట్టడం ఆయన పద్ధతి. దోమల భయంతో చెరువులను పూడ్చాలన్న వాదాన్ని ఆయన ఒప్పుకోలేదు. చేపలను, బాతులను పెంచి చెరువును ఆరోగ్యంగా ఉంచమన్నాడు. 1920లో మద్రాసు పట్టణ ప్రణాళికా చట్టం వచ్చింది.

ప్రణాళిక అమలుకు హైదరాబాదు మంచి ఉదాహరణ. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద వేలమందిని బలిగొన్నది. మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనలు కాగితాలలో ఉండిపోలేదు. 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడింది. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. అంటే వరదకూ రెండవ జలాశయానికీ నడుమ పందొమ్మిదేళ్లు. అన్నేళ్లపాటు ఆ పని ఒకరి బాధ్యతగా కొనసాగింది గనుకనే అది ముగిసింది.

ఆ పూచీ సడలితే ఏమవుతుందో 2022 అక్టోబరులో అనంతపురమే చూపింది. నడిమివంక పొంగి కాలనీలు నీట మునిగాయి. కరవు జిల్లాలో వరదా అని చాలామంది ఆశ్చర్యపోయారు. వాన అరుదుగా వచ్చేచోట వంక దారిని మరచిపోవడం సులభం. నీరు మాత్రం పల్లాన్ని మరవదు.

తనకల్లు వంటి ఊరికి ఇంకా వ్యవధి ఉన్నది. ఇళ్లు లేచాక వంకకు దారి చేయాలంటే కూల్చివేతలు, కోర్టులు, కన్నీళ్లు. లేవకముందయితే హద్దురాళ్లు చాలు. కనుక స్థలం కొనేముందు ఆ సర్వే నంబరు వంక పోరంబోకో, చెరువు పోరంబోకో రెవెన్యూ పటంలో చూసుకోండి. 2002 నాటి వాల్టా చట్టం జలవనరుల రక్షణకు అధికారమిచ్చిందని గుర్తుంచుకోండి. గ్రామసభలో పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక చదివినప్పుడు రెండే ప్రశ్నలు అడగండి: ఈ ఏడాది మరవనూ వంకనూ శుభ్రం చేయించే పూచీ ఎవరిది? అందుకు కేటాయించిన సొమ్మెంత?

జవాబుగా ఒక పేరు, ఒక అంకె వినిపిస్తే మీ ఊరి ప్రణాళిక అమలులో ఉన్నట్లే. వినిపించకపోతే, వచ్చే సభలో మళ్లీ అడగండి.