తొలి నెదర్లాండ్స్ మత చిత్రాలు: చేతి నకళ్ల చరిత్ర

15వ శతాబ్దంలోనూ 16వ శతాబ్దం తొలి దశాబ్దాల్లోనూ బ్రూజ్, ఘెంట్, బ్రస్సెల్స్, లూవెన్, ఆంట్‌వెర్ప్ పట్టణాల్లో వర్ధిల్లిన నూనెరంగుల కళను తొలి నెదర్లాండ్స్ చిత్రకళ అంటారు. ఈ పట్టణాలన్నీ నేటి బెల్జియంలో ఉన్నాయి. యాన్ వాన్ ఐక్, రోజియర్ వాన్ డెర్ వైడెన్ వంటి వారు చర్చిల కోసం, ఇంటి ప్రార్థన కోసం వేసిన మరియమాత, క్రీస్తు చిత్రాలకు తొలి నుంచీ చేతి నకళ్లు తయారవుతూ వచ్చాయి. నకలు వేయడాన్ని అప్పట్లో ఎవరూ చిన్నతనంగా చూడలేదు. మహిమగల బొమ్మను ఉన్నదున్నట్టు దించితే ఆ మహిమ నకలుకూ అంటుతుందని భక్తుల నమ్మకం.

నేటి ఉత్తర ఫ్రాన్సులోని కాంబ్రే కెథెడ్రల్‌లో ఒక మరియమాత చిత్రం ఉంది. ఒక మతాధికారి రోమ్ నుంచి తెచ్చిన ఈ చిత్రం 1450లో కెథెడ్రల్‌కు దక్కింది. సాక్షాత్తూ సువార్తికుడు లూకాయే దాన్ని వేశాడని జనం నమ్మారు. నిజానికది 14వ శతాబ్దపు ఇటలీ పనితనం. 1454లో ఎతాంప్ కౌంటు దీనికి మూడు నకళ్లు వేయమని చిత్రకారుడు పెట్రుస్ క్రిస్టుస్‌కు పురమాయించాడు. మరుసటి ఏడు కెథెడ్రల్ వారే ఏన్ అనే బ్రస్సెల్స్ చిత్రకారుడి చేత పన్నెండు వేయించారు. వాటిలో ఒకటని భావించే చిత్రం అమెరికాలో, కాన్సస్ సిటీలోని నెల్సన్-ఆట్కిన్స్ మ్యూజియంలో ఉంది. బిడ్డ తల్లి గడ్డాన్ని తాకే భంగిమ అందులో చెక్కుచెదరలేదు. ముఖాలు మాత్రం ఫ్లెమిష్ ముఖాలైపోయాయి. నకలు తీసేవాడి చెయ్యి ఎంత వినయంగా ఉన్నా తన ఊరిని దాచుకోలేదు.

గిరాకీ పెరిగేకొద్దీ చిత్రశాలలు దారి సులువు చేసుకున్నాయి. గీసిన కాగితానికి గీతల వెంబడి సూదితో చిల్లులు పొడిచి, పలక మీద పరిచి, బొగ్గుపొడి అద్దేవారు. ఇవాళ మగ్గం వర్కు చేసేవాళ్లు జాకెట్టు మీద డిజైను దించేదీ ఇలాగే. ఇన్‌ఫ్రారెడ్ కెమెరాతో చూస్తే రంగుల అడుగున ఆ చుక్కలు నేటికీ వరసగా కనిపిస్తాయి. ఓక్ పలక, దాని మీద సుద్దా జిగురూ కలిపిన తెల్లపూత, ఆపైన ఒకటి ఆరాక ఒకటిగా వేసిన పలుచని నూనెరంగు పొరలు: ఆ చిత్రాల లోతంతా ఇక్కడే ఉంది. చైనాలోని దాఫెన్ వంటి చోట్ల ఫొటో చూసి కాన్వాసు మీద వేసి అమ్మే నేటి నకళ్లలో ఆ లోతు కోసం వెతకడం దండగ.

నకళ్ల చరిత్రలో పెద్ద పేరు చిత్రకారుడు మిఖీల్ కాక్సీది. రోజియర్ వేసిన 'సిలువ నుంచి దించుట' లూవెన్‌లో విలుకాండ్ర సంఘం వారి ప్రార్థనాలయంలో ఉండేది. చిత్రం పైమూలల్లో బుల్లి విల్లులు ఇప్పటికీ చూడవచ్చు. హంగరీ రాణి మేరీ 1548 ప్రాంతంలో దాన్ని తీసుకుని, బదులుగా సంఘానికి కాక్సీ వేసిన నకలునూ ఒక ఆర్గాన్ వాద్యాన్నీ ఇచ్చింది. అసలు చిత్రం ఇప్పుడు మాడ్రిడ్‌లోని ప్రాదో మ్యూజియంలో ఉంది. 1550ల చివర్లో కాక్సీ స్పెయిన్ రాజు రెండవ ఫిలిప్ కోసం, 1432లో పూర్తయిన ఘెంట్ బలిపీఠ చిత్రానికి నకలు వేశాడు. నెపోలియన్ యుద్ధాల్లో ఆ నకలు స్పెయిన్ దాటి, పలకలు విడిపోయి బెర్లిన్, మ్యూనిక్, బ్రస్సెల్స్‌కు చేరింది.

ఘెంట్ కథలో ఒక తమాషా కూడా ఉంది. అసలు బలిపీఠ చిత్రంలో నగ్నంగా ఉన్న ఆదాము, అవ్వల పలకలను 1861లో బెల్జియం ప్రభుత్వం కొనుక్కుంది. వాటి స్థానంలో విక్టర్ లాజీ వేసిన నకళ్లు ఘెంట్ కెథెడ్రల్‌కు వచ్చాయి. ఆ ఆదాము, అవ్వ ఒంటికి జంతుచర్మాలు చుట్టుకున్నారు!

అసలు నశించినా నకలు వల్ల తెలిసినవి కొన్ని. వాన్ ఐక్ వేసిన క్రీస్తు ముఖచిత్రం బెర్లిన్, బ్రూజ్ నకళ్ల వల్లే తెలుసు. రాబర్ట్ కాంపిన్ వేసిన ఒక పెద్ద 'సిలువ నుంచి దించుట'లో సిలువ మీది దొంగ బొమ్మ ఉన్న ముక్క ఒక్కటే ఫ్రాంక్‌ఫర్ట్‌లో మిగిలింది. మొత్తం కూర్పును లివర్‌పూల్‌లోని చిన్న నకలులో చూసుకోవాల్సిందే.

ఏది అసలో, ఏది నకలో పండితులు పొరబడ్డ సందర్భాలూ లేకపోలేదు. రోజియర్ 'మిరాఫ్లోరెస్' బలిపీఠ చిత్రానికి రెండు ప్రతులున్నాయి. స్పెయిన్ రాణి ఇసబెల్లా దగ్గరున్నదే అసలని చాలాకాలం అనుకున్నారు. దాని పలకలు ఇప్పుడు గ్రెనడాలోనూ న్యూయార్క్‌లోనూ ఉన్నాయి. చెక్కలోని వలయాలు లెక్కపెట్టి చూస్తే, ఆ పలకలకు వాడిన చెట్టును కొట్టింది 1464లో రోజియర్ చనిపోయిన తర్వాతేనని తేలింది. అసలుది బెర్లిన్‌లో ఉన్నదే.

1934 ఏప్రిల్‌లో ఘెంట్ బలిపీఠ చిత్రంలోని 'న్యాయాధిపతులు' పలక దొంగల పాలైంది. చిత్ర పునరుద్ధరణలో చెయ్యి తిరిగిన యెఫ్ వాన్ డెర్ వేకెన్ 1939లో దానికి నకలు మొదలుపెట్టి, 1945లో ముగించాడు. కాక్సీ నకలును ముందు పెట్టుకుని, ఒక పాత అల్మరా చెక్క మీద బొమ్మ వేసి, మిగతా పలకల వన్నెకు సరిపోయేలా పైన మైనం పూశాడు. ఒక న్యాయాధిపతికి అప్పటి బెల్జియం రాజు మూడవ లియోపోల్డ్ ముఖం పెట్టాడు. అసలు పలక ఇంతవరకు దొరకలేదు. కెథెడ్రల్‌లో దాని చోట ఈ నకలే ఉంది.