కనుగొన్నవారిదే నేల అన్నారు

1492 అక్టోబర్ 12, తెల్లవారుజామున రెండు గంటల వేళ. పింటా ఓడ మీద కావలి కాస్తున్న రోడ్రిగో దె ట్రియానా అనే నావికుడు నేల కనిపించిందని కేక పెట్టాడు. నేలను మొదట చూసినవాడికి ఏటా పదివేల మరవేదీల భరణం ఇస్తామని స్పెయిన్ రాజదంపతులు మాటిచ్చి ఉన్నారు. ఆ భరణం ట్రియానాకు దక్కలేదు. ముందు రాత్రి పది గంటలకే దూరాన వెలుగు చూశానని చెప్పి కొలంబస్ దాన్ని తానే తీసుకున్నాడు. అమెరికాను ముందు ఎవరు చూశారన్న తగాదా అలా ఒడ్డున అడుగు పెట్టకముందే, డబ్బు దగ్గర మొదలైంది. ఐదు వందల ఏళ్లుగా ఈ ప్రశ్నకు వచ్చిన జవాబులను వరసగా చూస్తే, వాటిలో చాలావాటి వెనక ఒక ఆస్తి తగాదా కనిపిస్తుంది.

మొదటి పెద్ద తగాదా కోర్టుకే ఎక్కింది. కనుగొన్న భూములకు కొలంబసే రాజప్రతినిధి, అక్కడి రాబడిలో పదో వంతు అతనిది, పదవులు వంశపారంపర్యం అని యాత్రకు ముందే ఒప్పందం కుదిరింది. తీరా బయటపడింది ఖండాలని తేలేసరికి ఆ మాట నిలబెట్టుకోవడం రాజ్యానికి బరువైంది. 1508లో కొలంబస్ కొడుకు డియేగో దావా వేశాడు. యాత్ర నడిపించిన అసలు మనిషి పింటా నాయకుడు మార్టిన్ అలోన్సో పిన్సోన్ అనీ, ప్రధాన భూభాగంలో చాలా తీరాన్ని కనుగొన్నది వేరేవాళ్లనీ రాజు తరఫువాళ్లు సాక్షులను తెచ్చి వాదించారు. వ్యాజ్యం ఇంకా నలుగుతుండగా, 1535లో, ఆస్థాన చరిత్రకారుడు ఒవియెదో ఈ దీవులు పూర్వం స్పెయిన్ రాజుల ఏలుబడిలోనివే అని రాశాడు. అదే నిజమైతే కొలంబస్ కొత్తగా కనుగొన్నదీ లేదు, వారసులకు ఇవ్వాల్సిందీ లేదు. మరుసటి ఏడు రాజీ కుదిరింది.

ఖండానికి పేరు మాత్రం కొలంబస్, పిన్సోన్ ఇద్దరిలో ఎవరిదీ నిలవలేదు. తాను చేరింది ఆసియా అంచుకేనని చెబుతూనే కొలంబస్ 1506లో చనిపోయాడు. అది వేరే ప్రపంచమని అమెరిగో వెస్పూచి పేరిట అచ్చయిన ఉత్తరాలు చాటాయి. వాటిని చదివిన జర్మన్ పటకారుడు వాల్ట్‌సీముల్లర్ 1507లో తన ప్రపంచపటం మీద అమెరికా అని రాశాడు. 1513 నాటి పటంలో ఆ పేరు తీసేశాడు కానీ, అప్పటికే అది లోకంలో పడిపోయింది.

స్పెయిన్‌కు 1493లో పోప్ ఇచ్చిన ఆజ్ఞాపత్రం అండగా ఉంది. ఇంగ్లండ్‌కు అంతకంటే పాత ఆధారం కావలసి వచ్చింది. 1170 ప్రాంతంలో మాడోక్ అనే వేల్స్ రాజకుమారుడు పడమటి సముద్రం దాటాడన్న కథను ఎలిజబెత్ రాణి కొలువులో ఉన్న జాన్ డీ అందుకే పైకి తీశాడు. రెండు వందల ఏళ్ల తర్వాత కూడా ఆ కథను నమ్మిన వేల్స్ యువకుడు జాన్ ఎవాన్స్, వెల్ష్ మాట్లాడే ఇండియన్లను వెతుకుతూ మిసౌరీ నది వెంట పైకి వెళ్లి, మాండన్ ప్రజల మధ్య ఒక చలికాలం గడిపాడు. అలాంటివాళ్లెవరూ లేరని 1797లో నిజాయితీగా రాశాడు. కథ మాత్రం చావలేదు.

ఇలాంటి కథలు మనుషులకు చేసిన కీడు పంతొమ్మిదో శతాబ్దంలో బయటపడింది. 1823లో జాన్సన్ వర్సెస్ మెకింటాష్ కేసులో అమెరికా ప్రధాన న్యాయమూర్తి జాన్ మార్షల్, నేల మీద హక్కు దాన్ని కనుగొన్న యూరప్ రాజ్యానిదే అన్నాడు. మూలవాసులకు అక్కడ ఉండి అనుభవించే హక్కు ఉంది, తమకు నచ్చినవారికి అమ్ముకునే హక్కు లేదు. అదే కాలంలో ఒహాయో, మిసిసిపీ లోయల నిండా కనిపించిన భారీ మట్టి కట్టడాలను ఎవరు కట్టారన్న చర్చ జోరుగా సాగింది. కహోకియాలోని కట్టడం ముప్పై మీటర్ల ఎత్తుంటుంది. ఇండియన్లకు ఇంత పని చేతకాదన్నారు. ఫినీషియన్లన్నారు, ఇశ్రాయేలు తప్పిపోయిన గోత్రాలన్నారు, మాడోక్ మనుషులన్నారు. 1830 డిసెంబరులో అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్, ఆ కట్టడాలు ఒక గొప్ప జాతివనీ, ఇప్పటి తెగలకు చోటిస్తూ ఆ జాతి అంతరించిందనీ కాంగ్రెస్‌కు విన్నవించాడు. తూర్పు తెగలను మిసిసిపీ అవతలికి తరలించే చట్టం మీద ఆయన సంతకం పెట్టింది ఆ ఏడాదే. ఆ దిబ్బలు కట్టింది మూలవాసుల పూర్వీకులేనని సైరస్ థామస్ తవ్వకాలతో తేల్చిన నివేదిక 1894లో వచ్చింది. అప్పటికి నేల చేతులు మారిపోయింది.

వీటన్నిటిలో ఐస్‌లాండ్ సాగాల కథ ఒక్కటి నిజమని నిలబడింది. నార్స్ నావికుడు లీఫ్ ఎరిక్సన్ పడమట విన్‌లాండ్ అనే నేల చేరాడని అవి చెబుతాయి. దాన్ని నిరూపించాలన్న ఆత్రంలో నకిలీలు పుట్టాయి. 1898లో మిన్నెసోటాలో దొరికిందన్న, నార్స్ లిపి చెక్కిన కెన్సింగ్టన్ రాయిని నిపుణులు దాదాపు అందరూ నకిలీ అనే అంటారు. 1965లో యేల్ విశ్వవిద్యాలయం ఆర్భాటంగా ప్రకటించిన విన్‌లాండ్ పటంలో ఇరవయ్యో శతాబ్దపు టైటానియం సిరా ఉందని 2021లో ఆ విశ్వవిద్యాలయమే ఒప్పుకుంది. అసలు సాక్ష్యం న్యూఫౌండ్‌లాండ్ ఉత్తర కొసన, లాన్స్ ఓ మెడోస్ అనే బెస్తపల్లెలో గడ్డి కింద ఉంది. 1960లో నార్వే నుంచి వచ్చిన హెల్గె ఇంగ్‌స్టాడ్‌కు అక్కడి గడ్డి దిబ్బలు చూపించింది జార్జ్ డెకర్ అనే స్థానికుడు. హెల్గె భార్య, పురావస్తు శాస్త్రవేత్త అన్నె స్టీనె ఏళ్ల తరబడి తవ్వకాలు నడిపింది. ఎనిమిది కట్టడాల పునాదులు, ఇనుము కరిగించిన చిట్టెం, కంచు పిన్ను, కదురుబిళ్ల బయటపడ్డాయి. క్రీ.శ. 993లో అంతరిక్ష కిరణాల తాకిడి చెట్ల వలయాల్లో వదిలిన గుర్తు ఆధారంగా, అక్కడి కొయ్యలను లోహపు పనిముట్లతో నరికింది సరిగ్గా 1021లో అని ఇటీవల తేల్చారు. నార్స్ వాళ్లు ఎక్కువ కాలం ఉండలేదు. అక్కడివాళ్లతో వ్యాపారం చేశారు, కొట్లాడారు, వెళ్లిపోయారు అంటాయి సాగాలు. అంటే వాళ్లు వచ్చేసరికే ఆ తీరాల్లో మనుషులున్నారు.

చైనా నౌకాదళం 1421లో అమెరికాకు వచ్చిందన్న గావిన్ మెంజీస్ పుస్తకం బాగా అమ్ముడైంది, చరిత్రకారుల దగ్గర నిలవలేదు. పాలినీషియన్ల సంగతి వేరు. దక్షిణ అమెరికా చిలగడదుంప యూరోపియన్ల కంటే ముందే పసిఫిక్ దీవుల్లో ఉంది. అక్కడివారి జన్యువుల్లో దక్షిణ అమెరికావారితో 1200 ప్రాంతపు కలయిక జాడ కూడా దొరికింది.

మొదట వచ్చినవాళ్ల గురించి సరైన ఊహ చేసింది హోసె దె అకోస్తా అనే జెసూట్ మతగురువు. ఎక్కడో ఉత్తరాన ఈ ఖండాలు పాత ప్రపంచాన్ని తాకుతూనో, చాలా దగ్గరగానో ఉంటాయని, మనుషులు అలా వచ్చారని 1590లోనే రాశాడు. పదమూడు వేల ఏళ్ల నాటి క్లోవిస్ ఈటె మొనల కంటే ముందు ఎవరూ లేరని ఇరవయ్యో శతాబ్దంలో చాలాకాలం నమ్మారు. చిలీలోని మాంటె వెర్దెలో టామ్ డిల్లెహే తవ్వకాలు ఆ నమ్మకాన్ని కదిలించాయి. న్యూమెక్సికోలోని వైట్ శాండ్స్‌లో దొరికిన పాదముద్రలు ఇరవై ఒకటి నుంచి ఇరవై మూడు వేల ఏళ్ల నాటివని 2021లో ప్రకటించారు.

ఇంత తెలిశాక కూడా పాత తగాదా ఆగలేదు. 1996లో కొలంబియా నది ఒడ్డున దొరికిన కెన్నెవిక్ మనిషి అనే ప్రాచీన అస్థిపంజరం పుర్రెను చూసి, యూరోపియన్ పోలికలన్న మాట పుట్టగానే, నార్స్ దేవతలను కొలిచే ఒక సంఘం కూడా ఆ ఎముకల కోసం కోర్టుకెళ్లింది. ఆయన తమ పూర్వీకుడని తెగలు ఏళ్ల తరబడి మొత్తుకున్నాయి. 2015లో డీఎన్ఏ వాళ్ల మాటే నిజమంది. 2017లో వాళ్లే ఖననం చేశారు. కనుగొన్నవాడికే హక్కు అన్న సిద్ధాంతాన్ని 2023 మార్చిలో వాటికన్ తిరస్కరించింది. అమెరికా సుప్రీంకోర్టు 2005లో ఒనైడా మూలవాసుల కేసులో కూడా దాన్ని ప్రస్తావించింది. 1823 నాటి తీర్పును ఇంతవరకూ కొట్టివేయలేదు.