రేవు పూడింది, మడ లేచింది

కాకినాడ నుంచి యానాం వెళ్లే దారిలో, తాళ్లరేవుకు ఇవతల కోరంగి వస్తుంది. వేట మీద, పీతల మీద బతికే ఊరు. 19వ శతాబ్దం మొదట్లో కలకత్తాకూ ట్రింకోమలీకీ మధ్య పెద్ద ఓడలను మరమ్మతుకు ఎక్కించే చోటు ఇదొక్కటేనంటే ఇప్పుడు నమ్మడం కష్టమే. కూలికోసం బర్మా వెళ్లిన తెలుగువాళ్లను, సొంతూరు ఏదైనా సరే, అక్కడ ‘కోరంగీ’లనే పిలిచారు. 1930 మేలో రంగూన్ రేవులో బర్మీయులకూ తెలుగు కూలీలకూ కొట్లాటలు జరిగేనాటికి అసలు కోరంగి రేవు ఏనాడో చితికిపోయింది.

తుఫానే ముంచిందంటారు. సగమే నిజం. 1789 డిసెంబరులో పెనుకెరటాలు ఊరిని ఊడ్చేశాయి. 1839 నవంబరు 25న మళ్లీ ఉప్పెన. అప్పుడు 20,000 ఓడలు మునిగాయని ఒక లెక్క చలామణీలో ఉంది. ఈ రేవులో అన్ని ఓడలు ఎక్కడ పట్టాయో చెప్పినవాళ్లు లేరు.

ఊరు మళ్లీ కట్టుకున్నారు గానీ రేవును నిలబెట్టుకోలేకపోయారు. గోదావరి వరదతో దిగే ఒండ్రు ఏటేటా పాయను మెరక చేసింది. నది తెచ్చిన ఇసుకను అలలు ఉత్తరానికి తోసుకుపోగా, రెండు వందల ఏళ్లలో సుమారు 16 కిలోమీటర్ల తిన్నె లేచింది. అదే హోప్ ఐలాండ్. దాని చాటున కాకినాడకు అలల తాకిడి తగ్గింది. కోరంగి వ్యాపారమూ అటే తరలిపోయింది.

ఓడలకు పనికిరాని బురదలో మడ అడవి అల్లుకుంది. తెల్లమడ, నల్లమడ, ఉప్పుపొన్న, తిల్ల. తిల్లపాలు కంట్లో పడితే చూపుకే ముప్పు. కట్టె కొట్టేవాళ్లకు అది తెలుసు. మడచెట్ల ఊపిరివేర్లు బురదలోంచి మేకుల్లా పైకి పొడుచుకొస్తాయి. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన ఈ 235 చదరపు కిలోమీటర్లలో బావురుపిల్లులు, నీటికుక్కలు చేపలకోసం తిరుగుతాయి. చలికాలం చివర ఆలివ్ రిడ్లే తాబేళ్లు హోప్ ఐలాండ్ ఇసుకలో గుడ్లు పెట్టిపోతాయి. చెక్కబాట మీద నడిచి, ఫొటోలు తీసుకుని వెనుదిరిగే యాత్రికులకు ఇందులో చాలా మట్టుకు కనబడదు. ఆటుకు నీరు తీసినప్పుడు కాలవల వెంట పడవలో వెళ్లాలి.

మడ నీడలోనే రొయ్యపిల్ల, మండపీత పెరుగుతాయి. ఓడల పని కూడా ఆనవాలు లేకుండా పోలేదు: తాళ్లరేవు వైపు కర్రపడవలు కట్టే వడ్రంగులు ఇంకా ఉన్నారు. ఇక దసరా దాటి తూర్పుగాలి తిరిగిందంటే యానాం చుట్టుపక్కల గోదావరి పాయల్లో చీరమేను వేట. వలకు చిక్కనంత చిన్న పిల్లచేపలు కాబట్టి చీరగుడ్డలతోనే పడతారు. గారెలు వేసినా మసాలా పెట్టి వండినా ఆ కొద్ది వారాలే. ధర ఎంత పలికినా కొనేవాళ్లు రేవుగట్టు మీదే కాచుకుని ఉంటారు.