ఫీల్డ్ టార్గెట్ స్కోపు

ఎయిర్ రైఫిల్‌తో ఆరుబయట ఆడే ఫీల్డ్ టార్గెట్ పోటీ కోసం రైఫిల్ మీద బిగించుకునే దుర్భిణిని ఫీల్డ్ టార్గెట్ స్కోపు అంటారు. మామూలు స్కోపు దూరంగా ఉన్నదాన్ని దగ్గరగా చూపిస్తే చాలు. దీని అసలు పని లక్ష్యం ఎన్ని మీటర్ల దూరంలో ఉందో కొలిచి చెప్పడం. చూపించడం ఆ తర్వాతి మాట. ఈ తేడా తెలియక కేవలం స్కోపు ధర, పెద్దగా చూపించే శక్తి చూసి కొనేవారు చాలామంది నష్టపోతారు.

ఆట తీరు

ఎలుక, కుందేలు, కాకి వంటి ఆకారాల్లో కోసిన ఇనుప రేకులను చెట్ల మధ్య, పొదల పక్కన, గట్ల మీద నిలబెడతారు. రేకులో 15 నుంచి 45 మిల్లీమీటర్ల గుండ్రటి రంధ్రం ఉంటుంది. దాని వెనక ఉన్న పలకకు పెల్లెట్ తగిలితే బొమ్మ పడిపోతుంది, ఒక పాయింటు వస్తుంది. రంధ్రం అంచుకు తగిలి రేకు ఖంగుమన్నా బొమ్మ పడకపోతే సున్నా. పడిన బొమ్మను తాడు లాగి మళ్లీ లేపుతారు. అంతర్జాతీయ నిబంధనల్లో లక్ష్యాలు సుమారు 9 మీటర్ల నుంచి 50 మీటర్ల దాకా ఎక్కడైనా ఉండొచ్చు. దూరం ఎవరూ చెప్పరు. లేజర్‌తో కొలవడం నిషేధం. రైఫిల్ మీద ఉన్న స్కోపు ఒక్కటే దిక్కు. ఎక్కువ భాగం కూర్చునే కాలుస్తారు, కొన్ని లక్ష్యాలను మోకాలి మీద, కొన్నింటిని నిలబడి కాల్చాలి. ప్రపంచ పోటీల్లో 3 రోజులకు కలిపి 150 లక్ష్యాలు.

దూరం మీద ఇంత పట్టింపు ఎందుకంటే ఎయిర్ రైఫిల్ బలం తక్కువ. బ్రిటన్‌లో 1969 నిబంధనల ప్రకారం లైసెన్సు లేని ఎయిర్ రైఫిల్ శక్తి 12 అడుగు-పౌండ్లు, అంటే సుమారు 16 జౌళ్లు దాటకూడదు. ఆట నియమాలు దాని చుట్టూనే అల్లుకున్నాయి. అర గ్రాము పైచిలుకు తూగే 4.5 మి.మీ. పెల్లెట్ సెకనుకు 240 మీటర్ల వేగంతో బయలుదేరి, 50 మీటర్లు చేరేలోగా సుమారు 28 సెంటీమీటర్లు కిందికి జారుతుంది. 50 మీటర్ల లక్ష్యాన్ని 45 మీటర్లని పొరబడి కాలిస్తే దెబ్బ దాదాపు 3 సెంటీమీటర్లు కిందికి పోతుంది. 40 మి.మీ. రంధ్రం నడుమకు గురిపెట్టినా అంచు 2 సెంటీమీటర్ల దూరంలోనే ఉంది కాబట్టి పాయింటు పోయినట్టే.

చరిత్ర

తుపాకీకి దుర్భిణి బిగించే పని అమెరికాలో 19వ శతాబ్ది మొదటి సగంలో గట్టిపడింది. జాన్ చాప్‌మన్ ఆలోచనతో మోర్గాన్ జేమ్స్ తయారుచేసిన పొడవాటి గొట్టపు స్కోపులు, ఆ తర్వాత 1855 నుంచి విలియం మాల్కం మెరుగైన కటకాలతో చేసినవి పేరు తెచ్చుకున్నాయి. 1947లో లూపోల్డ్ కంపెనీ గొట్టంలో నైట్రోజన్ నింపి లోపల మంచు పట్టకుండా చేసింది. ఇవన్నీ మందుగుండు తుపాకుల కోసం. వాటి పారలాక్స్‌ను, అంటే కన్ను కదిలితే గురి కూడా కదిలినట్టు కనిపించే లోపాన్ని, 100 గజాల దూరానికో, అంతకన్నా ఎక్కువకో సరిచేసి వదిలేసేవారు. ఎయిర్‌గన్ వాడేవారికి మిగిలింది సన్నటి గొట్టపు చవక స్కోపులే.

ఫీల్డ్ టార్గెట్ మొదటి పోటీ 1980లో ఇంగ్లండ్‌లోని ససెక్స్ ప్రాంతంలో, మాఘమ్ డౌన్ అనే ఊళ్లో జరిగింది. తొలినాళ్లలో వేట స్కోపులే వాడి, దూరాన్ని కంటి అంచనాతో కట్టేవారు. అప్పటికే కొన్ని స్కోపులకు ముందు కటకం చుట్టూ తిప్పుకునే ఫోకస్ కడియం ఉండేది. బొమ్మ స్పష్టంగా కనబడే చోట కడియం ఆపి, దాని మీది అంకె చూస్తే దూరం తెలుస్తుందని పోటీదారులు పట్టుకున్నారు. పెద్దగా చూపించే కొద్దీ స్పష్టత ఒక్క చోటే నిలిచి, అటూ ఇటూ వెంటనే చెదిరిపోతుంది. కొలతకు కావలసింది సరిగ్గా అదే. అక్కడి నుంచి 20 రెట్లు, 40 రెట్లు, 50 రెట్లంటూ పరుగు మొదలైంది. జపాన్‌లో తయారైన టాస్కో 8-40×56 (8 నుంచి 40 రెట్లు, 56 మి.మీ. ముందు కటకం), బాష్ అండ్ లాంబ్ 6-24×40, లూపోల్డ్ వారి 35, 40, 45 రెట్ల స్థిర స్కోపులు ఈ మైదానాల్లో బాగా తిరిగాయి.

కూర్చుని కాల్చేవాడు ముందు కటకం దాకా చేయి చాచితే పట్టు చెదురుతుంది. ఫోకస్ గుండీని స్కోపు పక్కకు తెచ్చాక ఆ ఇబ్బంది తీరింది. ఆ గుండీకి పెద్ద చక్రం తగిలించి దాని అంచున దూరాలు రాసుకోవడం ఈ ఆటకు గుర్తుగా నిలిచిపోయింది. నిక్కో స్టిర్లింగ్ 10-50×60 అందుబాటు ధరలో ఆ సౌకర్యాన్ని చాలామందికి చేర్చింది. జర్మనీ కంపెనీ ష్మిట్ అండ్ బెండర్ ఈ ఆట కోసమే 12.5-50×56 స్కోపు చేసింది. ఆ తర్వాత జపాన్ నుంచి మార్చ్, సైట్రాన్, ఆస్ట్రియా నుంచి కాలెస్ పోటీకి వచ్చాయి.

స్ప్రింగు రైఫిళ్ల కథ వేరు. గుర్రం (ట్రిగ్గర్) నొక్కగానే లోపలి పిస్టన్ ముందుకు దూకుతుంది, రైఫిల్ వెనక్కి తన్నుతుంది. పిస్టన్ గది చివర ఆగగానే అదే రైఫిల్ ముందుకు కుదుపుతుంది. వెనక్కి తన్నే దెబ్బనే లెక్కలోకి తీసుకుని కట్టిన ఖరీదైన స్కోపుల్లో కూడా ఈ రెండో కుదుపుకు అడ్డగీతలు తెగడం, కటకాలు వదులవడం జరిగింది. అందుకే స్ప్రింగు రైఫిల్ ఉన్నవారు ఎయిర్‌గన్‌కు తగినదని తయారీదారు రాసి ఇచ్చిన స్కోపునే కొనాలి. స్కోపును రైఫిల్‌కు పట్టి ఉంచే మౌంటు వెనక్కి జారకుండా అడ్డుచీల కూడా ఉండాలి. ముందే గాలి నింపుకునే పీసీపీ రైఫిళ్లకు ఈ బెడద లేదు.

ఎండ చేసే మోసం

దక్షిణ రాయలసీమలో ఈ స్కోపు వాడేవారు అన్నిటికన్నా ముందు తెలుసుకోవలసింది వేడి గురించి. ముందు కటకం నాభ్యంతరం 20 సెంటీమీటర్లు అనుకుందాం. 10 మీటర్ల దగ్గరి వస్తువుకూ 11 మీటర్ల వస్తువుకూ బింబం పడే చోట్ల తేడా 0.38 మిల్లీమీటర్లు. అదే 45 మీటర్లకూ 50 మీటర్లకూ తేడా 0.09 మిల్లీమీటర్లే. దగ్గరి దూరాలు తేలిగ్గా, దూరపువి కష్టంగా కొలతకు చిక్కడానికి కారణం ఇదే. ఇప్పుడు అల్యూమినియం గొట్టం సంగతి చూద్దాం. 20 సెంటీమీటర్ల పొడవు, 15 డిగ్రీల వేడి పెరిగితే 0.07 మిల్లీమీటర్లు సాగుతుంది. గాజు కూడా వేడికి తన గుణం మార్చుకుంటుంది కాబట్టి లెక్క అచ్చంగా ఇలాగే రాదు. కొన్ని స్కోపులు దూరాన్ని ఎక్కువ చూపిస్తాయి, కొన్ని తక్కువ. కానీ పొద్దున చల్లగా ఉన్నప్పుడు గీసుకున్న గుర్తు మిట్టమధ్యాహ్నం 50 మీటర్ల దగ్గర కొన్ని మీటర్లు తప్పడానికి ఈ సాగుడు చాలు.

దక్షిణ రాయలసీమలోని పూతలపట్టు పరిసరాల్లో ఏప్రిల్, మే నెలల్లో తెల్లవారుజాముకూ మధ్యాహ్నానికీ ఆ 15 డిగ్రీల తేడా అరుదేమీ కాదు. నల్లరంగు స్కోపు నేరుగా ఎండలో ఉంటే గాలి కన్నా ఇంకా వేడెక్కుతుంది. దానికి తోడు రాతి గుట్టల మీద, దున్నిన నేల మీద లేచే ఎండమావి. 40 రెట్లలో చూస్తే బొమ్మ నీళ్లలో ఉన్నట్టు కదులుతుంది, ఫోకస్ ఎక్కడ ఆపాలో తేలదు. అప్పుడు రెట్లు తగ్గించుకోవడమే దారి. అనుభవం ఉన్నవారు స్కోపు మీద చిన్న ఉష్ణమాపకం అంటించుకుంటారు, లక్ష్యానికీ లక్ష్యానికీ మధ్య గుడ్డ కప్పి నీడలో ఉంచుతారు.

మన దగ్గర

ఎయిర్‌గన్ మన జనానికి కొత్త కాదు. జాతర్లలో బుడగలు కాల్చే అంగడి దగ్గర చాలామంది తొలిసారి తుపాకీ భుజాన పెట్టుకుంటారు. క్రీడగా వచ్చేసరికి పిల్లలను నడిపించింది ఒలింపిక్ దారి. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ 1984 నుంచి ఒలింపిక్స్‌లో ఉంది. 2008లో అభినవ్ బింద్రా స్వర్ణం, 2012లో హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ కాంస్యం అందులోవే. ఆ పోటీలో స్కోపుకు అనుమతి లేదు, చిన్న రంధ్రంలోంచి చూసి గురిపెట్టాలి. దూరం ఎప్పుడూ 10 మీటర్లే. అక్కడ ఆరితేరినవారికి ఊపిరి, గుర్రం మీది వేలు, నిలకడ అన్నీ ఫీల్డ్ టార్గెట్‌లో అక్కరకొస్తాయి. దూరం కొలవడం మాత్రం మొదటి నుంచి నేర్చుకోవాలి.

ఆయుధ నిబంధనలు 2016 ప్రకారం 4.5 మి.మీ.కు, 20 జౌళ్లకు మించని ఎయిర్ రైఫిల్‌కు లైసెన్సు అక్కర్లేదు. ఫీల్డ్ టార్గెట్ రైఫిల్ శక్తి ఆ హద్దులోనే ఉంటుంది. అయితే తోతాపురి మామిడికాయలు చిలకలు కొరుకుతున్నాయని వాటి మీదికి అదే రైఫిల్ ఎక్కుపెడితే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. ఇనుప బొమ్మ మీద సాధన చేసేటప్పుడూ లక్ష్యం వెనక మట్టికట్ట ఉండాలి. బండరాయికి తగిలిన పెల్లెట్ ఎటు ఎగురుతుందో చెప్పలేం.

ఎంపిక, అమరిక

ముందు చూడవలసింది ఫోకస్ 9 మీటర్ల దాకా దిగుతుందా అన్నది. చాలా వేట స్కోపులు ఇక్కడే తప్పిపోతాయి. తర్వాత ఎన్ని రెట్లన్నది. 24 రెట్లతో నేర్చుకోవచ్చు, పోటీకి 35 నుంచి 50 కావాలి. 50 రెట్లలో 56 మి.మీ. కటకం నుంచి కంటికి వచ్చే కాంతి పుంజం మందం 1.1 మిల్లీమీటర్లే కాబట్టి తల కాస్త జరిగినా చూపు నల్లబడుతుంది. మామిడితోపు నీడలో బొమ్మ మసకగా కూడా ఉంటుంది. చవక స్కోపును 50 రెట్ల మీద పెట్టడం కన్నా మంచి గాజున్న 30 రెట్లు మేలు. గురి సర్దుకునే టరెట్‌కు కోణ నిమిషంలో నాలుగో వంతు క్లిక్కులుంటే 50 మీటర్ల దగ్గర ఒక్కో క్లిక్కు దాదాపు 3.6 మిల్లీమీటర్లు. ఎనిమిదో వంతు క్లిక్కులైతే అందులో సగం. రైఫిల్ 3 డిగ్రీలు పక్కకు వాలినా 50 మీటర్ల దగ్గర దెబ్బ ఒకటిన్నర సెంటీమీటర్లు పక్కకు పోతుంది కాబట్టి మౌంటు మీద చిన్న నీటిబుడగ మట్టం పెట్టుకోవడం మంచిది.

కొన్న తర్వాతే అసలు పని. మొదట కంటివైపు కటకాన్ని తిప్పి అడ్డగీతలు స్పష్టంగా కనిపించేలా సరిచేసి, మళ్లీ తాకకూడదు. తర్వాత టేపు పరిచి 9 నుంచి 20 మీటర్ల దాకా మీటరుకొకటి, ఆపైన రెండు మీటర్లకొకటి చొప్పున గుర్తులు పాతాలి. చక్రం అంచుకు తెల్లకాగితం అంటించి, ఒక్కో గుర్తు దగ్గర బొమ్మ స్పష్టమైన చోట పెన్సిల్ గీత గీయాలి. చక్రాన్ని అటు నుంచి తిప్పుతూ వచ్చి ఒకసారి, ఇటు నుంచి తిప్పుతూ వచ్చి ఒకసారి ఆగి, రెంటి నడుమ గీత పెట్టుకుంటే నమ్మకం. పోటీలో చూపు నిలపడానికి రేకు మీద పెల్లెట్ తగిలి పెయింటు ఊడిన అంచు, బొమ్మకు కట్టిన తాడు ముడిలోని నారపోగు బాగా పనికొస్తాయి. మన వాతావరణంలో ఈ కాగితం ఒక్కటి సరిపోదు. చలికాలపు పొద్దుటికి ఒకటి, ఎండాకాలపు మధ్యాహ్నానికి ఒకటి వేర్వేరుగా తయారుచేసుకుని, దేని మీద దాని ఉష్ణోగ్రత రాసి పెట్టుకోవాలి.